మిగిలిన గుడ్డ

పోయిన వారం ఆమెను కుట్టు మిషను ముందు, ఒళ్ళో మూట విప్పుకుని కూర్చున్న చోట వదిలేశాం. ఆ మూటలో తన ఏడేళ్ళ కూతురి గౌనే కొలతల కోసం ఆదిగా వచ్చిందని చూసి కూడా ఆమె కేక పెట్టలేదేమని ఇద్దరు ముగ్గురు పాఠకులు కోపంగా ఉత్తరాలు రాశారు. కథల్లో అయితే కేక పెట్టాలి, నిజమే. కానీ అవి బళ్ళు తెరిచిన కొత్త, యూనిఫారాలు కుట్టే రోజులు. కొట్లో ఆరు మిషన్లు ఒక్కసారిగా తిరుగుతున్నాయి, గొంతు చించుకున్నా పక్క మిషను ఆవిడకే వినపడదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి నాలుగు ముక్కలు. ఈమె దర్జీ. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు దారిలోనే ఉంటాడు. ఇంట్లో అత్తగారు, వీధి చివర వదిన, అంటే భర్తకు అక్క. ఒక్కతే కూతురు. పొట్టిగా ఉంటుంది, ఘాటుగా మాట్లాడుతుంది అని తండ్రి దానికి మిరియం అని పేరు పెట్టాడు, వీధి వీధంతా అదే పేరుతో పిలుస్తుంది. ఆ కుటుంబాల్లో ఆడపిల్లకు ఏడో ఏడు రాగానే మంత్రసాని చేత మర్మస్థానం కోయిస్తారు. పెద్దవాళ్ళు దాన్ని శుద్ధి అంటారు. ఈమె మాత్రం, తనకు జరిగిన రోజు నుంచీ, కోత అనే అంటుంది. నా కూతురికి ఆ కోత జరగనివ్వను అని పురిటి మంచం మీదే అత్తగారికి చెప్పింది. "సరేలే" అంది అత్తగారు. ఆ సరేలేని నమ్ముకుని ఈమె ఏడేళ్ళు గడిపింది.

మూటలో ఆది గౌనుతో పాటు ముదురు ఎరుపు గుడ్డ ఒకటి, పెన్సిలుతో రాసిన చీటీ ఒకటి ఉన్నాయి. గౌను ఒకటి. నడుము లేకుండా వదులుగా. ఎలాస్టిక్ వద్దు. ఇవాళ సాయంత్రానికి. అంతే చీటీ. అలాంటి గౌను చిన్నప్పుడు ఆమె కూడా తొడుక్కుంది, రెండు వారాలు. రంగు ముదురుగా ఎందుకుండాలో, నడుము దగ్గర ఏదీ ఎందుకు బిగించకూడదో ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అత్తగారు తెలివైన మనిషే. కోడలి చెవిన పడకూడదని ఊరవతలి కొట్టు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చింది. అయితే యూనిఫారాల రోజుల్లో ఏ దర్జీ అయినా చేతికి మించిన పని పక్క కొట్లకు పంచేస్తాడు. ఇంట్లో దర్జీ కోడలిని పెట్టుకుని, నీ పని ఎలా సాగుతుందే అని ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగి ఉంటే ఆవిడకు ఆ సంగతి తెలిసేది. అడగలేదు. అదొక్కటే ఆవిడ చేసిన పొరపాటు.

"జబ్బు పిల్లకేమో, పాపం. ముందది కానిచ్చెయ్" అన్నాడు కటింగ్ మాస్టరు కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"ఇది నా కూతురి గౌను మాస్టారూ."

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. ఆమె లేచి దగ్గరకెళ్ళి, ఆ గౌను ఎందుకు కుట్టిస్తారో రెండే మాటల్లో చెప్పింది. ముగ్గురు కూతుళ్ళ తండ్రి ఆయన. వింటున్నంతసేపూ చేతిలో సుద్దముక్కను పొడి పొడి చేశాడు.

"నువ్వు ఇంటికి పద. నేను పోలీసు స్టేషనుకి వెళ్తాను. యూనిఫారాలు ఎక్కడికీ పారిపోవు" అన్నాడు.

ఇల్లు చేరేసరికి వీధి తలుపు తెరిచే ఉంది. ముందు గదిలో ఉండాల్సిన మిరియం మంచం వెనక గదిలోకి మారింది. ఆ గది కిటికీకి దుప్పటి కట్టి ఉంది. అత్తగారు నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పాత నూలు దుప్పటిని జానెడు వెడల్పు పీలికలుగా చింపుతోంది. చింపినవి చింపినట్టు మడత పెట్టి పక్కన పేరుస్తోంది. అంత ఓపికగా, అంత శుభ్రంగా పని చేసే మనిషి ఆ వీధిలో మరొకరు లేరు.

"ఇవాళ పెందలాడే వచ్చావే" అంది తలెత్తకుండా.

ఆమె మూటను ఆ పీలికల మీద పడేసింది. "మీరిచ్చిన ఆర్డరు అత్తయ్యా. తిరిగి తిరిగి నా మిషను మీదికే వచ్చింది."

అత్తగారి చేతులు ఆగాయి. గౌనును చూసింది. చీటీని చూసింది. గోడ గడియారాన్ని చూసింది. తర్వాత చిన్నగా నవ్వింది కూడా.

"ఊరవతల ఇచ్చినా ఇంటికే వచ్చిందన్నమాట. ఈ దర్జీల్లో ఒక్కడికైనా ఒప్పుకున్న పని తను కుట్టే ఓపిక లేదు."

"నవ్వకండి."

"ఏడవమంటావా? కూర్చో. ఎండన పడొచ్చావు, మంచినీళ్ళు తాగు."

"సరేలే అన్నారు. నా పురిటి మంచం పక్కన నిలబడి సరేలే అన్నారు."

"బాలింతతో ఎవరైనా వాదన పెట్టుకుంటారా? పిల్లకి ఏడొచ్చాక చూద్దామనుకున్నాను. వచ్చింది."

"మీ అబ్బాయికి తెలుసా?"

"మగాళ్ళకి చెప్పే సంగతేనా ఇది? వాడొచ్చేసరికి ఇంకా నాలుగు రోజులు పడుతుంది. పిల్ల మంచం మీద కూర్చుని బొమ్మలు గీసుకుంటూ ఉంటుంది. కాస్త జ్వరం తగిలిందంటే సరిపోతుంది."

"నేను చేయించనన్నాను కదా అత్తయ్యా. దానికి తల్లిని నేను."

"తల్లివి నువ్వే, కాదన్నానా? రేపు దానికి సంబంధం వచ్చినప్పుడు, అయిందా లేదా అని అడిగితే మొహం ఎక్కడ పెట్టుకుంటావు? నిన్ను మా ఇంటికి తెచ్చుకునేటప్పుడు నేనడగలేదా, మీ అమ్మ చెప్పలేదా? అందరూ నడిచిన దారిలో నడిస్తే ముల్లు గుచ్చుకున్నా ఎవరూ ఏమీ అనరు. పక్కకి పోతే పూలు ఏరుకున్నా తప్పే. నీకయింది, నాకయింది, మా అమ్మకయింది, వాళ్ళమ్మకయింది. ఎవరు చచ్చారే?"

ఆ మాట నోట్లోంచి రాగానే అత్తగారు టక్కున ఆగిపోయింది. ఒక పీలిక తీసుకుంది, చింపాల్సింది చింపకుండా చేతికి చుట్టుకుంది. మళ్ళీ గడియారం వైపు చూసింది.

కోపంలో ఉన్నా దర్జీ చేతులు ఊరుకోవు. ఆమె వేళ్ళు అప్పటికే ఆ ఎరుపు గుడ్డ అంచును తడుముతున్నాయి. పొద్దున కొట్లో కంగారులో సరిగ్గా చూడనే లేదు. మడతల వెంట రంగు వెలిసి తెల్లబారింది. కలరా ఉండల వాసన వేస్తోంది. ఇంత దళసరి నేత ఆమె పని నేర్చుకునే రోజులకే బజార్లో దొరకడం మానేసింది. గుడ్డ మొత్తం విప్పి నేల మీద పరిచింది. ఒక పక్క మిల్లు అంచు సూటిగా ఉంది. రెండో పక్క కత్తెర పడింది, ఒక మూల చిన్న వంపు తిరిగింది. పదిహేనేళ్ళుగా ఆ వంపును రోజుకు పదిసార్లు కోస్తున్న మనిషికి అదేమిటో తెలియకపోతుందా?

"ఈ గుడ్డ మీరిప్పుడు కొన్నది కాదు అత్తయ్యా. దీన్లోంచి ఇంతకుముందే ఒక గౌను కోశారు. ఇదిగో చంక వంపు. ఏడేళ్ళ పిల్లది."

"మీ వదినదే. దానికి కుట్టించగా మిగిలింది."

"వదినవి నీలం గౌన్లు. రెండూ మీ పెట్టెలోనే ఉన్నాయి, పోయినేడు పెట్టె సర్దినప్పుడు నేనే మడత పెట్టాను. ఈ ఎరుపు ఎవరిది?"

అత్తగారు పీలికల దొంతర అంచులు సరిచేసింది.

ఆ ఇంట్లో వదినకంటే ముందు ఇంకో పిల్ల ఉండేదని, ఏడేళ్ళకే జ్వరమొచ్చి పోయిందని కాపురానికొచ్చిన కొత్తలో ఆమె విన్నది. పెద్దపిల్ల అనేవారు తప్ప పేరు కూడా ఎత్తేవారు కాదు. కడుపుకోత కదా అని ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు.

"పెద్దపిల్లదా?"

"రెండు గౌన్లకి సరిపడా తెచ్చాను" అంది అత్తగారు. చేతికి చుట్టుకున్న పీలికతో మాట్లాడుతున్నట్టుంది ఆవిడ తీరు. "ఒకటి ఉతికితే ఒకటి ఉండాలి కదా. మొదటిది కుట్టించాను. రెండోది తర్వాత కుట్టిద్దాంలే అనుకున్నాను. మంగళవారం చేయించాం. గురువారానికి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. మా అత్తగారు వద్దంది. వెళ్ళి ఏమని చెప్తావు, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది అంది. ఆదివారం తెల్లారేసరికి పోయింది. రెండో గౌను అక్కర్లేకపోయింది."

"జ్వరం అన్నారు."

"జ్వరమేగా వచ్చింది? అందరికీ అదే చెప్పాం. మీ మామయ్యకీ అదే చెప్పాం. మీ వదిన అప్పుడు అయిదేళ్ళది, దానికీ అదే చెప్పాం. నాకు నేనూ అదే చెప్పుకున్నాను."

"అది చూశాక కూడా వదినకి ఎలా చేయించారు?"

అత్తగారు మొదటిసారి తలెత్తింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"చేయించకపోతే? రెండోదానికి మానేస్తే, మొదటిదానికి తప్పు చేశానని నేనే ఒప్పుకున్నట్టు కాదూ? పిల్లని ఇంటి పెద్దావిడే పట్టుకోవాలి. ఆ రోజు మా అత్తగారికి నడుం పట్టేసింది, లేవలేకపోయింది. పెద్దపిల్ల భుజాలు పట్టుకున్నది నేనేనే. అమ్మా అమ్మా అని గింజుకుంటుంటే అదిమి పట్టింది ఈ చేతులే. ఇది మంచి పనయితే నా పిల్ల జ్వరంతో పోయింది. చెడ్డ పనయితే నేను చంపుకున్నాను. నన్నేం ఒప్పుకోమంటావు, చెప్పు."

తిట్టడానికి వచ్చిన మనిషి నేల మీద కూలబడింది. జాలి వేసింది. ఇలాంటి సమయంలో ఈవిడ మీద జాలేమిటని తన మీద తనకే కోపం వచ్చింది. వచ్చినా జాలి పోలేదు. ముప్పై ఏళ్ళుగా పెట్టె అడుగున ఒక గుడ్డ ముక్కను దాచుకుని, ఉండలు మార్చి మార్చి పెట్టుకుని, చివరికి దాన్ని మనవరాలికి కుట్టించబోయిన మనిషిని ఎలా ద్వేషించాలో ఆమెకు తెలియలేదు.

అత్తగారు మళ్ళీ గడియారం చూసింది.

అప్పుడు వెలిగింది ఆమెకు. ఈ మాటలన్నీ నిజమే కావచ్చు, కానీ మాటలతో తనను కూర్చోబెట్టారు.

"ఎందుకు మాటిమాటికీ గడియారం చూస్తున్నారు? గౌను సాయంత్రానికి అడిగారు. మిరియం బళ్ళోనే ఉందిగా?"

రోజూ పొద్దున మిరియాన్ని బడి దగ్గర దింపేది వదినే. ఇవాళా జడ వేయించుకుని, బ్యాగు తగిలించుకుని, మేనత్త చెయ్యి పట్టుకుని గెంతుతూ పోయింది.

"అత్తయ్యా, పిల్ల ఎక్కడుంది?"

"బడికి పోలేదు" అంది అత్తగారు. "మంత్రసాని ఇంట్లో ఉంది. పన్నెండున్నరకి నేను వెళ్ళాలి. నేను వెళితేనే మొదలుపెడుతుంది. మరీ ఆలస్యమైతే నా బదులు మీ వదిన పట్టుకుంటుంది."

పన్నెండూ పది.

ఆమె అత్తగారి రెట్ట పట్టుకుని లేవదీసింది. "నడవండి. ఆ ఇల్లు ఎక్కడో చూపించండి."

"నువ్వు పిలిస్తే మంత్రసాని తలుపు తీయదు. తల్లి అడ్డం పడుతుందని ముందే చెప్పి ఉంచాం. నా గొంతు వింటేనే తీస్తుంది."

"అయితే మీరే పిలవండి. మీకు దండం పెడతాను. పెద్దపిల్లని మీరు మళ్ళీ తెచ్చుకోలేరు, దీన్నైనా నాకు తెచ్చివ్వండి. ఆ తర్వాత నన్ను ఇంట్లోంచి గెంటేసినా మాట్లాడను."

అత్తగారు కొంగు సర్దుకుంది, చెప్పులు వెతుక్కుంది. "సరేలే, పద" అంది.

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నాలుగు అడుగులకొకసారి ఆగుతుంది. ఆమె ఒక చేత్తో ఆవిడ నడుం పట్టుకుని, దాదాపు మోసుకుంటూ నడిపించింది. మధ్యలో మాస్టరు ఫోను చేశాడు. "జీపు లేదంటమ్మా. ఏదైనా జరిగాక వచ్చి కంప్లయింటు రాసిమ్మంటున్నాడు ఎస్సై, మహానుభావుడు. జరగకముందు రావడమే మా తప్పంట. నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదలను. అడ్రసు చెప్పు." ఆమె పక్కకి తిరిగి అడిగింది, అత్తగారు చెప్పింది. పిండిమర వెనక సందు, మూడో ఇల్లు. ఏ తడబాటూ లేకుండా చెప్పింది. ఆ దారిలో ఆమెకు అత్తగారి మీద ఏడేళ్ళలో ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

పిండిమర ఆడుతోంది. సందులో గోడలు కూడా అదురుతున్నాయి. మంత్రసాని ఆ ఇల్లు ఊరికే ఎంచుకోలేదు. మర చప్పుడులో ఏ పిల్ల ఎంత ఏడ్చినా రోడ్డు మీదికి వినపడదు.

"నువ్వు ఆ గోడ వారగా నిలబడు. నిన్ను చూస్తే తీయదు" అంది అత్తగారు ఆమె చెవి దగ్గర.

నిలబడింది. అత్తగారు తలుపు మీద అరచేత్తో మూడుసార్లు కొట్టి, "నేనే, పెద్దదాన్ని" అంది. గడియ తీసిన చప్పుడు. తలుపు మూరెడు తెరుచుకుంది. ఆ తలుపు సందులోంచి ఆమెకు గుమ్మం లోపల చిన్న బూట్లు కనపడ్డాయి, మేజోళ్ళు వాటిలోనే కుక్కి ఉన్నాయి. మిరియం ఎప్పుడూ అంతే, ఎన్నిసార్లు చెప్పినా మేజోళ్ళు విడిగా పెట్టదు. అత్తగారు పక్కకి తిరిగి లోపలికి జరిగింది. ఆమె రెండు అంగల్లో గుమ్మం చేరింది. అప్పటికే తలుపు మొహం మీద మూసుకుంది. గడియ పడింది.

"అత్తయ్యా." రెండు చేతులతో బాదింది. "అత్తయ్యా, గడియ తీయండి. సరేలే అన్నారు కదా. అత్తయ్యా."

అదే సమయానికి, కరెంటు పోయిందో గింజలు అయిపోయాయో, మర ఆగింది. సందంతా నిశ్శబ్దమైంది. తలుపు అవతల అత్తగారి గొంతు పక్కనే నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వినపడింది.

"వాళ్ళమ్మ బయటే ఉంది. కిటికీ మూసేసి తొందరగా కానివ్వండి."

ఆ గొంతులో వణుకు లేదు. దుప్పటి చింపుతున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆమె ఇంటి పక్కకి పరుగెత్తింది. కిటికీ తక్కువ ఎత్తులోనే ఉంది, ఒక చెక్క రెక్క అప్పటికే మూసేశారు, రెండోది మూసుకోబోతోంది. ఆ రెక్కల సందులో కుడిచేయి పెట్టేసింది. రెక్క వచ్చి వేళ్ళ మీద పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కత్తెర పట్టే చేయి, పూటకు కూడు పెట్టే చేయి. తీయలేదు.

అవతల రెక్క పట్టుకున్నది వదిన.

వదిన భుజం మీదుగా గది కనపడింది. నేల మీద చాప. చాప పక్కన వీపు చూపిస్తూ మంత్రసాని, ఏదో కడుక్కుంటోంది. గోడకి ఆనుకుని, యూనిఫారంలోనే, బ్యాగును రెండు చేతులతో గుండెకి హత్తుకుని మిరియం. ఇంకా ఏమీ జరగలేదు.

"అమ్మా" అంది మిరియం. ఏడవడానికి సిద్ధంగా ఉన్న గొంతు. "ఇవాళ బడి లేదని అత్త చెప్పింది. నేనేం అబద్ధం ఆడలేదు."

"తెలుసు నాన్నా. నువ్వు అక్కడే నిలబడు. కూర్చోమన్నా కూర్చోకు, పడుకోమన్నా పడుకోకు."

"చెయ్యి తియ్యి" అంది వదిన గుసగుసగా. "వేళ్ళు విరుగుతాయే పిచ్చిదానా. నాకూ అయింది. నేను బతికి లేనూ?" రెక్కను ఇంకొంచెం నొక్కింది. కానీ వదిన చూపు చాప వైపు పోవడం లేదు. వెనక నుంచి అత్తగారు ఏమిటే ఇంకా ఆలస్యం అని విసుక్కుంది.

ఆమె బతిమాలదలచుకోలేదు. బతిమాలితే ఏమవుతుందో ఇప్పుడే చూసింది. వేళ్ళు పచ్చడవుతున్నా ముఖం కిటికీకి దగ్గరగా ఆనించింది.

"మీరు బతికారు వదినా. మీ అక్క బతకలేదు. ఆ పిల్ల జ్వరంతో పోలేదు, ఈ కోతతోనే పోయింది. అయిదు రోజుల్లో. మీ అమ్మే పట్టుకుంది. ఇందాక నాతో ఆవిడే చెప్పింది."

రెక్క మీద వదిన చేయి బిగుసుకుపోయింది. నొక్కనూ లేదు, వదలనూ లేదు. మెల్లగా వెనక్కి, గదిలోకి తిరిగింది.

"అమ్మా" అంది వదిన. "అక్క దేనివల్ల పోయింది?"